విడాకుల వ్యాజ్యములో బిడ్డ స్థానము

భార్యాభర్తల కలహము న్యాయస్థానమునకు చేరినపుడు రెండు వ్యాజ్యములు తరచు ఒకే దరఖాస్తులో ఇమిడి వచ్చును. ఒకటి గడచినదానికి సంబంధించినది: ఎవరు ఎవరిని హింసించిరి, ఎవరు ఎవరిని విడిచిపోయిరి, ఆ వివాహబంధము ఇంక నిలుచునా అనునది. రెండవది రాబోవుదానికి సంబంధించినది: ఈ బిడ్డ రేపు ఏ యింట అన్నము తినవలెను, ఏ బడికి పోవలెను, ఎదుట లేని తల్లినో తండ్రినో ఎన్నాళ్లకొకసారి చూడవలెను అనునది. మొదటి ప్రశ్నకు పెద్దలిరువురే కక్షిదారులు. రెండవ ప్రశ్నలో అసలు కక్షిదారు బిడ్డయే ఐనను, ఆ బిడ్డకు వకాల్తా లేదు, దరఖాస్తుపై సంతకము లేదు, పేషీలో పిలుపు లేదు. డెబ్బది యేండ్లుగా మన శాసనకర్తలును న్యాయమూర్తులును సంస్కర్తలును చేసిన చర్చలలో అధికభాగము మొదటి ప్రశ్న చుట్టునే తిరిగినది. రెండవదానికి బిడ్డ క్షేమమే పరమావధియను సూత్రమొకటి దొరకినది గాని, ఆ సూత్రమును ఏ కోర్టు, ఏ ఊర, ఎంత కాలములో అమలుపరుపవలెనను విషయము నేటికిని చిక్కుపడియే యున్నది.

ఈ చిక్కు స్పష్టముగ కనబడు సీమలలో నారాయణపేట యొకటి. చేనేత చీరలకు పేరెన్నికగన్న ఈ పట్టణము 2019 ఫిబ్రవరి 17 వరకు మహబూబునగరు జిల్లాలో భాగముగ నుండి, ఆనాడు తానే జిల్లా కేంద్రమైనది. 2022 జూన్ 2న తెలంగాణలో క్రొత్త న్యాయజిల్లాలు ఏర్పడినపుడు ప్రధాన జిల్లా న్యాయస్థానమును గూడ పొందినది. పడమట కర్ణాటక సరిహద్దు. యాదగిరి, రాయచూరు, గుర్మిట్కల్ ప్రాంతములతో తరతరముల వియ్యములు. వానలు తప్పిన యేట ముంబయి, పుణె, బెంగుళూరు నగరములకు పాలమూరు కూలీల వలస. పెండ్లి ఒక రాష్ట్రమున, కాపురము వేరొక నగరమున, బిడ్డ అమ్మమ్మ యింట నుండుట ఇచ్చట అరుదు కాదు. శాసనమో, ఒకే చోట స్థిరముగ కాపురముండు కుటుంబమును మనసున నుంచుకొని వ్రాయబడినది. ఈ రెంటి నడుమ నున్న యెడమును గుర్తించిననే గాని ప్రస్తుత చర్చ యొక్క నిజస్వరూపము బోధపడదు.

శాసనమునకు పూర్వము

ధర్మశాస్త్రములు వివాహమును సంస్కారముగ నెంచినందున అగ్రవర్ణములవారికి విడాకులనునవి లేకపోయినను, శ్రమజీవులైన పెక్కు కులములలో కులపెద్దల సమక్షమున విడుపు జరుగుటయు, స్త్రీ మారుమనువు పోవుటయు ఆచారసిద్ధములై యుండెను. పెద్దమనుషుల పంచాయితీలో పెండ్లిఖర్చులు, పెట్టిపోతలు, నగలు లెక్క తేలెడివి. బిడ్డ విషయము ఆ లెక్కలలోనే ఒక పద్దుగ తేలెడిది: చంటిబిడ్డ తల్లితోపాటు తల్లిగారింటికి పోవును, ఎదిగిన పిదప, విశేషించి మగబిడ్డయైనచో, తండ్రి యింటికి చేరును. ఈ పద్ధతికి వేగమను గుణము కలదు, అందరి యెరుకను జరుగుననెడి బలము కలదు. కాని ఆ అరుగుమీద స్త్రీ మాట వినబడుట అరుదు, బిడ్డ మాట బొత్తిగా వినబడదు.

శాసనరూపమున హిందువులకు విడాకుల హక్కు దేశమంతట ఒక్కమారుగ రాలేదు. మద్రాసు రాష్ట్రము 1949లోనే ద్విభార్యాత్వ నిరోధమునకును విడాకులకును చట్టము చేసినందున కోస్తా, రాయలసీమ జిల్లాల తెలుగువారికి అది వర్తించెను. హైదరాబాదు రాష్ట్రములోని నారాయణపేటకు ఆ చట్టము వర్తింపలేదు. 1941లో బి.ఎన్. రావు అధ్యక్షతన హిందూ న్యాయసంఘము ఏర్పడినది మొదలు, హిందూ కోడు బిల్లు స్తంభించినందుకు అంబేద్కరు 1951లో మంత్రిపదవిని వీడుట వరకు నడచిన సంఘర్షణ ఫలితముగ, తుదకు 1955 మే 18న హిందూ వివాహ చట్టము అమలులోనికి వచ్చినది.

ఆ చట్టము ఆచారమును తుడిచివేయలేదు. 29వ విభాగము రెండవ ఉపవిభాగము ఆచారసిద్ధమైన విడాకులను కాపాడినది. ఐతే ఆ ఆచారము తమ కులమున అనాదిగ, నిరంతరముగ నున్నదని ప్రత్యేకముగ చెప్పుకొని, సాక్ష్యముతో రుజువుపరుపవలెనని సుప్రీంకోర్టు 2002లో నిర్ణయించినది. కావున స్టాంపు కాగితముపై నలుగురు పెద్దమనుషుల సంతకములతో వ్రాసికొన్న విడుపు పత్రము, అట్టి రుజువు లేనిచో, చట్టము దృష్టిలో వట్టి కాగితమే. దానిని నమ్మి మారుపెండ్లి చేసికొన్నవారు ద్విభార్యాత్వ నేరమునకు లోనగుటయు, ఆ రెండవ పెండ్లి చెల్లకపోవుటయు సంభవించును. పల్లెలలో ఈ సంగతి ఇంకను తగినంతగ తెలియకుండుట శోచనీయము.

విడాకులపై మూడు వాదములు

1955 చట్టము దోషమను పునాదిపై నిలిచినది. ఒకరు తప్పు చేసిరని రెండవవారు రుజువు చేసిననే బంధము తెగును. క్రౌర్యము విడాకులకు కారణముగ 1976 సవరణతోనే చేరినది. అంతవరకు అది వేరుకాపురపు డిక్రీకి మాత్రమే చాలెడిది. రెండేండ్ల పరిత్యాగము, వ్యభిచారము, మతాంతరము మున్నగునవి తక్కిన కారణములు. దోషవాదులు చెప్పునది యేమనగా, కారణము చూపనిదే పెండ్లిని రద్దుచేయుటకు వీలున్నచో బలవంతుడు బలహీనురాలిని సులువుగ వదలించుకొనును. కోర్టు మెట్ల కష్టమే భార్యకు రక్ష. ప్రతివాదులు చెప్పునది, ఆ కష్టమే పొరుగువారిని, బంధువులను, ఒక్కొక్కప్పుడు బిడ్డనే సాక్షులుగ మార్చి ఇరుకుటుంబములను శాశ్వతవైరమున ముంచుచున్నదని.

రెండవది సమ్మతివాదము. అదే 1976 సవరణ 13-బి విభాగమును తెచ్చినది. ఒక యేడు వేరుగ నున్న దంపతులు కలిసి దరఖాస్తు పెట్టుకొని, ఆరు నెలలు ఆగి, పదునెనిమిది నెలల లోపల మరల కోరినచో డిక్రీ లభించును. ఆరు నెలల విరామమును తగిన కారణమున్నపుడు కోర్టు మన్నింపవచ్చునని 2017లో సుప్రీంకోర్టు చెప్పినది. బిడ్డల పాలిట ఇది అన్నిటికంటె మేలైన మార్గముగ కనబడును, ఏలయన సంరక్షణ, సందర్శనము, మనోవర్తి నియమములను ముందుగనే వ్రాసికొనవచ్చును. ఐతే సమ్మతి నిజమైనదా, నగదు చేతికి రావలెనన్నచో బిడ్డను వదలుకొనుమని బెదరించి తీసికొన్నదా అని విచారింపవలసిన భారము న్యాయమూర్తిపై నున్నది. రాజీపత్రములో బిడ్డకు సంబంధించిన షరతు కోర్టును కట్టివేయజాలదను నియమము ఈ కారణముననే విలువైనది.

మూడవది భంగవాదము: మరమ్మతుకు వీలులేనంతగ చెడిన పెండ్లిని, దోషమెవరిదైనను, రద్దుచేయవలెనని. లా కమిషను 1978లో తన 71వ నివేదికలోను, 2009లో 217వ నివేదికలోను దీనిని సమర్థించినది. ఇందుకై తెచ్చిన బిల్లు 2013లో రాజ్యసభలో నెగ్గినను లోకసభను దాటి శాసనము కాలేదు. 2023 మే 1న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము, 142వ అధికరణము క్రింద సుప్రీంకోర్టు తానుగ ఇట్టి డిక్రీ ఈయవచ్చునని తేల్చినది. నారాయణపేట న్యాయమూర్తికిగాని, హైదరాబాదులోని హైకోర్టుకుగాని ఆ యధికారము లేదు. అనగా ఢిల్లీ వరకు పోగలవారికొక న్యాయము, పోలేనివారికొక న్యాయము ఏర్పడినది. పార్లమెంటు చేయవలసిన పనిని కోర్టు చేసినపుడు కలుగు అసమత ఇది. కాపురకాలమున సమకూడిన ఆస్తిలో భార్యకు భాగము నిర్ణయింపక భంగవాదమును శాసనముగ చేసినచో నష్టపడునది స్త్రీయేయను ఆక్షేపణ 2013 బిల్లుకు ముందును పిదపను ప్రబలముగ వినబడినది. ఆ ఆక్షేపణకు తగిన సమాధానము నేటికిని లభింపలేదు.

ఈ సందర్భమున తెలుగునేలకు చెందిన తీర్పొకటి స్మరణీయము. దాంపత్యహక్కుల పునఃస్థాపనను గూర్చిన 9వ విభాగము స్త్రీ శరీరముపై ఆమెకుగల స్వాతంత్ర్యమునకు విరుద్ధమని, సినిమా నటి సరిత వ్యాజ్యములో 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి ఆ విభాగమునే కొట్టివేసిరి. మరుసటి యేడు సుప్రీంకోర్టు ఆ యభిప్రాయమును తిరస్కరించినది. విభాగము నిలిచినది; కాని దాని వినియోగము మారినది. కాపురమునకు రమ్మను డిక్రీ పొంది, ఒక యేడు కాపురము సాగనిచో దానినే విడాకులకు మెట్టుగ వాడుట చట్టసమ్మతము. కలుపుటకై చేసిన విభాగము విడదీయుటకు దారియగుటను చూచినపుడు, చౌదరిగారి తీర్పులోని ఆర్తి మరల గుర్తునకు రాక మానదు.

దావా నడచు తీరు

పెండ్లియైన యేడాదిలోపల, అసాధారణమైన కష్టమున్నననే తప్ప, విడాకుల దరఖాస్తు చెల్లదు. పెండ్లి జరిగిన చోట, ప్రతివాది యుండు చోట, దంపతులు కడపట కలిసియున్న చోట దరఖాస్తు వేయవచ్చును. 2003 సవరణ తరువాత భార్య తానున్న చోటనే వేయవచ్చును. తల్లిగారింటికి చేరిన స్త్రీకి ఈ సవరణ చేసిన మేలు గొప్పది. నోటీసు, కౌంటరు, రాజీయత్నము, సాక్ష్యము, వాదము, డిక్రీ అను క్రమమున వ్యాజ్యము సాగును; నడుమ మధ్యంతర మనోవర్తికి 24వ విభాగము, బిడ్డలకై 26వ విభాగము కలవు. స్త్రీలకును పిల్లలకును ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము పొందు హక్కును 1987 నాటి న్యాయసేవల చట్టము ఇచ్చినది. నోటీసు అందిన ఆరు నెలలలో విచారణ ముగింప యత్నింపవలెనని చట్టములోనే యున్నది. వాయిదాల వాస్తవమును ఎరిగినవారు ఆ వాక్యమును చదివి నిట్టూర్చక తప్పదు.

కుటుంబ కలహములకు వేరు కోర్టులుండవలెనను భావమును దేశములో మొదట ప్రచారము చేసినవారిలో మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ అగ్రగణ్యురాలు. 1953లో చైనాలో పర్యటించి అచ్చటి పద్ధతిని చూచివచ్చి, చాగ్లా, గజేంద్రగడ్కరు వంటి న్యాయమూర్తులతో ఆమె ఈ విషయమును చర్చించెను. ఆమె మరణించిన మూడేండ్లకు, 1984లో కుటుంబ న్యాయస్థానముల చట్టము వచ్చినది. రాజీకి మొదట యత్నింపవలెను, వకీలు హక్కుగ నుండరాదు, సలహాదారుల సహాయము తీసికొనవలెను అనునవి దాని ముఖ్యలక్షణములు. కాని పది లక్షలు మించిన జనాభా గల నగరములకే అట్టి కోర్టు తప్పనిసరి. తక్కినచోట్ల రాష్ట్రప్రభుత్వము అవసరమని తలచిననే ఏర్పడును, లేనియెడల జిల్లా కోర్టో, అధికారము పొందిన సివిలు కోర్టో భూమి తగాదాల నడుమ ఈ వ్యాజ్యములను గూడ విచారించును. దుర్గాబాయిగారి మనసులోని కోర్టు చిన్నపట్టణములకు ఎంతవరకు చేరినదను ప్రశ్నను ప్రతి జిల్లాలోను విడిగ అడుగవలసియున్నది.

బిడ్డ ఎవరికి: నాలుగు మతములు

సంరక్షణ విషయమున నాలుగు అభిప్రాయధారలను గుర్తింపవచ్చును. అవి ఒకదాని తరువాత ఒకటి పుట్టినను, ముందుదానిని వెనుకటిది పూర్తిగ తొలగింపలేదు. నేటి తీర్పులలో నాలుగును కలిసి ప్రవహించుచునే యున్నవి.

మొదటిది పితృప్రాధాన్యము. 1890 నాటి సంరక్షకుల చట్టమును, 1956 ఆగష్టు 25న అమలులోనికి వచ్చిన హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టమును ఈ భావముననే పుట్టినవి. 1956 చట్టపు 6వ విభాగము సహజసంరక్షకుడు తండ్రియనియు, 'అతని పిదప' తల్లియనియు చెప్పుచున్నది. కుమారుని పేర బాండ్లకు దరఖాస్తు పెట్టగ రిజర్వు బ్యాంకు తండ్రి సంతకము కోరినందుకు రచయిత్రి గీతా హరిహరన్ వేసిన వ్యాజ్యములో, 1999లో సుప్రీంకోర్టు, తండ్రి బ్రదికియున్నను బిడ్డను పట్టించుకొననియెడల తల్లియే సంరక్షకురాలు కావచ్చునని ఆ మాటకు అర్థమును విశాలపరచినది. వ్యాఖ్యానము మారినది, అక్షరము మారలేదు. తల్లిదండ్రులను సమముగ ఎంచవలెనని లా కమిషను 2015లో సూచించినను 6వ విభాగము యథాతథముగనే యున్నది. పునర్వివాహము చేసికొన్న వితంతువు తన బిడ్డ యింటిపేరును నిర్ణయించుకొనవచ్చునా అను సందేహము సైతము తెలుగునేలనుండి సుప్రీంకోర్టు వరకు పోయి 2022లో గాని తల్లికి అనుకూలముగ తీరలేదన్నచో, ఈ మొదటి భావము వేళ్లు ఎంత లోతుగ నున్నవో తెలియుచున్నది.

రెండవది శైశవమున మాతృప్రాధాన్యము. ఇంగ్లండులో 1839 చట్టము ఏడేండ్లలోపు బిడ్డలను తల్లికి అప్పగించుటకు కోర్టులకు అధికారమిచ్చినది. మన 1956 చట్టము అయిదేండ్లు నిండని బిడ్డ సామాన్యముగ తల్లియొద్ద నుండవలెనన్నది. ఆ వయసు బిడ్డను తల్లినుండి వేరుచేయగోరు తండ్రియే అందుకు కారణమును రుజువుపరుపవలెనని 2015లో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. అయిదేండ్లు నిండిన నాడే బిడ్డ తండ్రి హక్కుభుక్తమగునని కక్షిదారులలో విస్తరించియున్న భ్రమకు మాత్రము చట్టములో ఆధారము లేదు. ఆ యెల్లకు పిదప విచారణ క్షేమమును గూర్చియే సాగును.

మూడవది క్షేమవాదము, ప్రస్తుతము రాజ్యమేలుచున్నది. 1956 చట్టపు 13వ విభాగము బిడ్డ క్షేమమును సర్వోపరి యనుచున్నది. 1890 చట్టపు 17వ విభాగము వయసు, లింగము, మతము, సంరక్షకుని శీలము, బిడ్డతో సాన్నిహిత్యము, తెలివిడి వచ్చిన బిడ్డ యిష్టము మున్నగువానిని పరిశీలింపుమన్నది. బిడ్డలు తల్లిదండ్రుల ఆస్తి కారని సుప్రీంకోర్టు 1973లోనే గట్టిగ చెప్పినది; క్షేమమనగా ధనము మాత్రమే కాదని, నైతిక, మానసిక వికాసములును అందు చేరునని 2008 తీర్పులలో వివరించినది. ఈ సూత్రముతో విభేదించువారు లేరు. దాని అనిశ్చితియే విమర్శకులకు లక్ష్యము. మగ్గము గుంతయే ఇల్లయిన నేతకాని తల్లి యొద్ద క్షేమమా, నెలజీతము గల తండ్రి యొద్ద క్షేమమా? తల్లి పగలంతయు కూలికి పోవుట బిడ్డకు నష్టమా, కష్టించు తల్లి ఆదర్శమగుట లాభమా? న్యాయమూర్తి జీవితానుభవమే ఇచ్చట నిర్ణాయకమగును.

ఇంతకంటె గాఢమైన లోపము వేరొకటి కలదు. వ్యాజ్యము మూడేండ్లు సాగినదనుకొందము. ఆ మూడేండ్లును బిడ్డ ఎవరియొద్ద నున్నదో వారి యిల్లే దానికి యిల్లు, ఆ బడియే దానికి బడి, ఆ వీధి పిల్లలే దానికి స్నేహితులు. కదలించినచో బిడ్డ మనసు చెదరునని న్యాయమూర్తి న్యాయముగనే సంకోచించును. అపుడు బిడ్డను మొదట చేజిక్కించుకొన్నవారే క్షేమసూత్రముచేత గెలుతురు. ఆలస్యము నిర్ణేతయగును. క్షేమవాదపు ప్రత్యర్థి పితృహక్కు కాదు, వాయిదా.

నాలుగవది ఉమ్మడి సంరక్షణవాదము. 2015లో లా కమిషను 257వ నివేదిక దీనికి శాసనరూపము ఈయవలెనన్నది. తలిదండ్రులిరువురి ప్రేమయు బిడ్డ హక్కని, సందర్శనమునకు వీలులేనపుడు ఫోను, వీడియో ద్వారానైనను సంబంధము నిలుపవలెనని 2020లో సుప్రీంకోర్టు పలికినది. ఈ వాదమునకు రెండు అడ్డంకులు. హింస జరిగిన యింట భాగస్వామ్యము స్త్రీని మరల హింసకుని యెదుట నిలుపును; 2005 నాటి గృహహింస చట్టము 21వ విభాగమున తాత్కాలిక అప్పగింతను, హానికరమైనపుడు సందర్శన నిరాకరణమును కల్పించినది ఇందుకే. రెండవ అడ్డంకి దూరము. ఒకే నగరమున రెండిండ్లున్న ఉద్యోగులకు వారము సగము సగముగ పంచుట సాధ్యము. నారాయణపేట సీమలోని దామరగిద్దకును పుణెకును నడుమ వారమును పంచుట యెట్లు?

నాలుగింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో, మొదటిది అధికారమెవరిదని, రెండవది వయసెంతయని, మూడవది మేలెచ్చటనని, నాలుగవది పంచుటెట్లని అడుగుచున్నవి. మూడవ ప్రశ్నయే సరియైనది. దానికి ఉత్తరము చెప్పుటకు ముందు, ఉత్తరము చెప్పవలసిన కోర్టు ఏదో తేలవలెను. మన చర్చ అతితక్కువగ పట్టించుకొన్నది దీనినే.

బిడ్డ నివాసమెచ్చట?

1890 చట్టపు 9వ విభాగము ప్రకారము, మైనరు 'సామాన్యముగ నివసించు' చోటి కోర్టుకే సంరక్షణ దరఖాస్తును వినునధికారము. తాత్కాలికముగ నున్న చోటు చాలదు. ఇది సాక్ష్యముతో తేలవలసిన వాస్తవాంశమనియు, ఉద్దేశమును గూడ పరిశీలింపవలెననియు 2011లో సుప్రీంకోర్టు పలికినది.

ఈ నియమపు పదును 2019 మార్చిలో వెలువడిన ఒక తీర్పున కనబడినది. అమెరికాలో స్థిరపడిన తెలుగు దంపతులు. అచ్చటనే పుట్టిన ఇద్దరు పిల్లలు. పెన్సిల్వేనియాలో విడాకుల వ్యాజ్యము మొదలైన పిదప తల్లి పిల్లలతో హైదరాబాదునకు వచ్చి ఇచ్చటి కుటుంబ న్యాయస్థానమున సంరక్షణ కోరెను. పిల్లలు హైదరాబాదులో సామాన్యముగ నివసించువారు కారు గనుక ఇచ్చటి దరఖాస్తు నిలువదని తేల్చి, వారిని అమెరికాకు మరలింపవలెనని సుప్రీంకోర్టు ఆదేశించినది. బిడ్డలను ఒక దేశమునుండి వేరొక దేశమునకు తరలించుటకు సంబంధించిన 1980 నాటి హేగు ఒడంబడికలో భారతదేశము చేరలేదు. చేరవలెనని లా కమిషను 2009లో 218వ నివేదికలో సూచించినది. 2016లో ముసాయిదా బిల్లు సిద్ధమైనది. హింసనుండి పారివచ్చిన తల్లులను బలవంతముగ మరలించునట్లగునను భయమున అది ముందుకు సాగలేదు. విదేశీ కోర్టు ఆజ్ఞ పరిశీలింపదగిన అంశములలో ఒకటి మాత్రమేననియు, క్షేమమే ప్రధానమనియు 2017లో సుప్రీంకోర్టు చెప్పిన మాటయే ప్రస్తుతము దిక్సూచి.

సముద్రమును దాటిన బిడ్డను గూర్చి ఇంత చర్చ జరిగినది. జిల్లా సరిహద్దును దాటిన బిడ్డను గూర్చి జరుగలేదు. పుణెలో కట్టడపు పనికి పోయిన జంటను ఊహింపుడు. బిడ్డ యేటిలో ఎనిమిది నెలలు పనిచోట తల్లిదండ్రులతోను, తక్కిన నెలలు మద్దూరు ప్రాంతపు పల్లెలో అమ్మమ్మతోను ఉండును. కలహము పుట్టి తల్లి బిడ్డతో ఊరికి వచ్చి నారాయణపేట కోర్టులో దరఖాస్తు పెట్టగ, బిడ్డ సామాన్యనివాసము పుణెయని తండ్రి ఆక్షేపించును. పనిముగిసినంతనే లేచిపోవు గుడిసె నివాసమా? రేషనుకార్డు, ఓటు, పొలము, ఆప్తబంధువులు ఉండి, బిడ్డ మాత్రము కొన్ని నెలలే యుండు ఊరు నివాసమా? పెన్సిల్వేనియా పిల్లలకు వర్తించిన అదే వాక్యము ఈ బిడ్డకును వర్తింపవలెను. ఆ పిల్లలకు స్థిరమైన చిరునామా యుండెను. ఈ బిడ్డకు అదే లేదు. వలసపోవు కుటుంబముల విషయమున తిరిగివచ్చు ఊరినే నివాసముగ భావించుట న్యాయమని ఈ వ్యాసకర్త దృఢాభిప్రాయము. బిడ్డను ఎరిగినవారు, సాక్ష్యము చెప్పగలవారు, రేపు దాని బాగోగులు చూడగలవారు అచ్చటనే యుందురు. ఇట్టి భావనను హైకోర్టులు తీర్పులద్వారా స్థిరపరుపవచ్చును, పార్లమెంటు చిన్నసవరణద్వారా చేర్పవచ్చును.

రెండవ చిక్కు రాష్ట్రసరిహద్దు. 1956 నవంబరు 1 వరకు నారాయణపేట, రాయచూరు, యాదగిరి మూడును ఒకే హైదరాబాదు రాష్ట్రములో, ఒకే హైకోర్టు క్రింద నుండెను. భాషాప్రయుక్త విభజన న్యాయమైనదే. దానివలన వియ్యములు మాత్రము విడిపోలేదు. యాదగిరి భర్త అచ్చట విడాకుల దరఖాస్తు వేయును. నారాయణపేట భార్య ఇచ్చట మనోవర్తికి, బిడ్డ సంరక్షణకు దరఖాస్తులు పెట్టును. రెండు వేర్వేరు హైకోర్టుల క్రింది కోర్టుల నడుమ వ్యాజ్యమును బదలాయించుటకు సివిలు ప్రొసీజరు కోడు 25వ విభాగము క్రింద సుప్రీంకోర్టునకు మాత్రమే అధికారము కలదని 2008లో తేలినది. తెల్లవారి బస్సెక్కిన పూటలోనే చేరదగిన పొరుగుపట్టణపు వ్యాజ్యమును తన ఊరికి తెచ్చుకొనుటకు ఆమె ఢిల్లీ వకీలును పెట్టుకొనవలెను. అదే పెండ్లి అంతకు ఎన్నోరెట్లు దూరమైన ఆదిలాబాదుతో జరిగినచో హైదరాబాదు హైకోర్టు చాలును. సరిహద్దు జిల్లాల కుటుంబవ్యాజ్యములకైనను ఈ యధికారమును హైకోర్టులకు కల్పింపవలెనను కోరిక వకీలుల నడుమ తప్ప విస్తృతచర్చకు రాకుండుట వింతగొల్పును. 2017 మార్చిలో వీడియో ద్వారా విచారణను సుప్రీంకోర్టు ప్రోత్సహించినది. అదే యేడు అక్టోబరులో, రాజీయత్నము విఫలమైన పిదప ఉభయులు కోరిననే అది వీలగునని విస్తృతధర్మాసనము పరిమితి విధించినది. రాజీకి ముఖాముఖి అవసరమను ఆ తర్కము ఉదాత్తమైనదే ఐనను, ఒకదినపు కూలి, బస్సు ఛార్జీ, చంటిబిడ్డను వెంటగొనిపోవు శ్రమ ఆ తూనికలో తగినంత బరువు తూగలేదని చెప్పక తప్పదు.

ఇతర ధర్మములవారు, తండాలవారు

ముస్లిముల విషయమున హనఫీ సంప్రదాయము మగబిడ్డను ఏడేండ్ల వరకును, ఆడబిడ్డను యుక్తవయసు వరకును తల్లియొద్ద నుంచును. 1939 చట్టము భార్యకు కోర్టుద్వారా విడాకుల మార్గమును, 2019 చట్టము తక్షణ తలాకు చెప్పబడిన భార్యకు మైనరు బిడ్డల సంరక్షణాధికారమును ఇచ్చినవి. భార్య తానుగ కోరు విడాకులైన ఖులా విషయమున ఆమె హక్కు భర్త అంగీకారముపై ఆధారపడదని 2025లో తెలంగాణ హైకోర్టు చెప్పినది. క్రైస్తవులకు 1869 నాటి చట్టమును 2001లో సవరించి స్త్రీపురుషులకు సమానకారణములు కల్పించిరి. ఏ మతమువారికైనను 1890 చట్టమే సంరక్షణకు సామాన్యమైన గొడుగు.

తండాల సంగతి వేరు. లంబాడీలు తెలంగాణలో 1976 సవరణచే షెడ్యూల్డు తెగల జాబితాలో చేరిరి. కేంద్రప్రభుత్వము నోటిఫై చేసిననే తప్ప హిందూ వివాహ చట్టము షెడ్యూల్డు తెగలకు వర్తింపదని 2వ విభాగము చెప్పుచున్నది. తండాలో నాయక్, కార్భారీల సమక్షమున జరుగు విడుపు ఒక వైపు, హిందూ ఆచారముల ప్రకారము జరిగిన పెండ్లి గనుక ఆ చట్టము క్రిందనే రావలెనను వాదము వేరొక వైపు. కోర్టుల అభిప్రాయములు వ్యాజ్యమును బట్టి మారుచున్నవి. డిక్రీ లభించునో లేదో ముందుగ తెలియని స్త్రీకి బిడ్డ విషయమున మాత్రము 1890 చట్టము తెరచియే యున్నదని తెలుపుట న్యాయసేవల సంస్థలు చేయదగిన తక్షణకార్యము.

తేలని విషయములు

హిందూ వివాహ చట్టపు 26వ విభాగమునకు 2001లో చేర్చిన నిబంధన, బిడ్డల పోషణకును చదువునకును సంబంధించిన మధ్యంతర దరఖాస్తులను నోటీసు అందిన అరువది దినములలో సాధ్యమైనంతవరకు తేల్చవలెనన్నది. బిడ్డ ఎవరియొద్ద నుండవలెనను దరఖాస్తు ఆ గడువులో లేదు. అన్నమునకు గడువు పెట్టి, అన్నము పెట్టు చేతులను నిర్ణయించుటకు గడువు పెట్టని ఈ లోపమే ముందు చెప్పిన ఆలస్యపు అన్యాయమునకు మూలము. విడాకుల విచారణ ఎంత కాలమైనను సాగనిండు. మధ్యంతర అప్పగింతను, సందర్శన నియమములను అదే అరువది దినములలో తేల్చుట అసాధ్యము కాదు.

బిడ్డ పక్షమున మాటలాడువారెవరను ప్రశ్న రెండవది. న్యాయమూర్తి తన గదిలో బిడ్డతో మాటలాడు ఆచారము కలదు. కుటుంబ న్యాయస్థానముల చట్టపు 12వ విభాగము మానసికవైద్యుల, సంక్షేమకార్యకర్తల సహాయమునకు వీలిచ్చినది. 1992లో భారతదేశము ఆమోదించిన ఐక్యరాజ్యసమితి బాలల ఒడంబడిక, తనను గూర్చిన నిర్ణయములలో మాట చెప్పుకొను హక్కును బిడ్డకు ఇచ్చినది. ఎవరియొద్ద నున్న బిడ్డ వారి మాటలనే వల్లించుట సహజమగుటచే, ఒక్క సంభాషణతో బిడ్డ మనసు తెలియదు. బిడ్డ మనసును రెండవవారిపై విరుచు ప్రయత్నములను 2017లో సుప్రీంకోర్టు గుర్తించినది. ఇరువైపుల యిండ్లకును పోయి చూచి నివేదింపగల శిక్షితులు జిల్లాకోర్టులకు కావలెను. తెలుగు మాత్రమే కాక కన్నడమును లంబాడీ భాషయు వచ్చినవారు ఇచ్చట కావలెను.

చివరిది ఆజ్ఞల అమలు. రెండవ, నాలుగవ శనివారములలో కోర్టు ఆవరణమున రెండు గంటల సందర్శనమను నమూనా ఆజ్ఞ నగరవాసులను చూచి రూపొందినది. ఉగాదికో, పీర్లపండుగకో ఊరికి వచ్చు వలసకూలీకి శనివారము లేదు. అట్టి తండ్రికి, లేదా తల్లికి, పండుగదినములలో వరుసగ కొన్నినాళ్లు, వేసవిసెలవులలో కొన్నివారములు, తక్కిన కాలమున నియమితమైన వేళ ఫోనుమాట అను రీతిగ ఆజ్ఞను మలచుటకు 26వ విభాగములో ఏ యడ్డంకియు లేదు. డిక్రీ యైన పిదప సైతము పరిస్థితిని బట్టి అట్టి ఆజ్ఞను మార్చుటకును రద్దుపరచుటకును కోర్టునకు అధికారము కలదు. వకీళ్లు అటువంటి నియమములను దరఖాస్తులోనే వ్రాసి కోరినచో, న్యాయమూర్తులు మన వలసల పంచాంగమును అనుసరించి ఆజ్ఞలు వ్రాయుటకు మార్గమేర్పడును.